డెబియన్ బలహీన కీలు: మళ్లీ పుట్టించి, మా సర్వర్లలో వెతికిన పని డైరీ

శనివారం

ఈ పని ఎందుకు తలపెట్టామో ముందుగా రాసిపెడుతున్నాను. మేము నిర్వహణ చూస్తున్న సర్వర్లలో కొన్నింటి చరిత్ర పదిహేనేళ్లు దాటింది. హార్డ్‌వేర్ మారింది, ఆపరేటింగ్ సిస్టమ్ ఎన్నో తరాలు మారింది. అయితే మారిన ప్రతిసారీ హోమ్ డైరెక్టరీలు ఉన్నవి ఉన్నట్టుగా కొత్త యంత్రానికి కాపీ అయ్యాయి, వాటితోపాటు ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న యంత్రంలోకి సురక్షితంగా ప్రవేశించే పద్ధతి) లాగిన్‌కు ఎవరెవరిని అనుమతించాలో చెప్పే 'ఆథరైజ్డ్ కీస్' ఫైళ్లు కూడా వచ్చేశాయి. ఆ ఫైళ్లలో ఏ వరుస ఏ సంవత్సరంలో చేరిందో, ఆ కీ ఏ యంత్రం మీద పుట్టిందో ఇప్పుడు చెప్పగలవారు లేరు. 2006 సెప్టెంబరుకూ 2008 మే నెలకూ మధ్య డెబియన్ లేదా ఉబుంటు (రెండూ లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు) యంత్రం మీద పుట్టిన కీ వాటిలో ఒక్కటి ఉన్నా, దాని ప్రైవేట్ కీ, అంటే యజమాని దగ్గరే రహస్యంగా ఉండవలసిన సగం, ప్రపంచంలో ఎవరికైనా అందుబాటులో ఉన్నట్టే లెక్కవేసుకోవాలి.

భద్రతా లోపాల ఉమ్మడి జాబితా సీవీఈలో ఈ లోపం సంఖ్య సీవీఈ-2008-0166. డెబియన్ తన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (కీలు పుట్టించడానికి, గుప్తీకరణకు వాడే లైబ్రరీ) ప్యాకేజీలో చేసుకున్న ఒక చిన్న మార్పు వల్ల ఆ లైబ్రరీలోని యాదృచ్ఛిక సంఖ్యల యంత్రాంగం దాదాపు పూర్తిగా పనిచేయకుండా పోయింది. ఆ మార్పు 0.9.8సీ-1 ప్యాకేజీతో 2006 సెప్టెంబరు 17న బయటికి వచ్చి, 2007 ఏప్రిల్‌లో విడుదలైన డెబియన్ 4.0 'ఎచ్'లో స్థిరపడింది. డెబియన్ డెవలపర్ లూచియానో బెల్లో దాన్ని కనిపెట్టాక, 2008 మే 13న భద్రతా ప్రకటన వెలువడింది. అసలు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఈ లోపం లేదు, దానికి ముందున్న డెబియన్ 'సార్జ్'లోనూ లేదు. అయినా ఇది ఒక్క డెబియన్‌కు పరిమితమైన సమస్య కాదు. డెబియన్ ల్యాప్‌టాప్ మీద పుట్టిన కీని వేరే ఏ సిస్టమ్ నడిచే సర్వర్‌లో చేర్చినా, ఆ సర్వర్ తలుపు కూడా తెరుచుకుంటుంది.

ఇలాంటి కీలను పట్టే 'బ్యాడ్‌కీస్' వంటి ఉచిత సాధనాలు సిద్ధంగా ఉన్నాయి, చివరికి మేమూ దాన్ని నడుపుతాము. అయినా లోపాన్ని మా చేతులతో మళ్లీ పుట్టించి చూడాలనుకోవడానికి కారణం, ఈ మధ్యే మాతో చేరిన సహోద్యోగి అడిగిన ప్రశ్న. "కీ 2048 బిట్లే కదండీ, అన్ని పరీక్షలూ నెగ్గుతోంది కదా, మరి బలహీనమని ఎలా అంటాం?" అని అతను అడిగాడు. ఇది చాలా మంచి ప్రశ్న, దీనికి మాటల కంటే ప్రయోగమే సరైన జవాబు.

ఆదివారం

డెబియన్ పాత విడుదలల భాండాగారం నుంచి 'ఎచ్' తొలి సీడీ ఐఎస్‌ఓ ఫైలును, అదే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సోర్స్ ప్యాకేజీని దించుకున్నాము. 'ఎచ్' పాయింట్ విడుదలల్లో దేన్ని తీసుకోవాలో చూసుకోవాలి. నాలుగో పాయింట్ విడుదల 2008 జులైలో, ప్రకటన తరువాత వచ్చింది కాబట్టి అందులో లోపం సరిచేసి ఉంటుంది. క్యూఈఎంయూ అనే వర్చువల్ యంత్రాల సాధనంలో 32 బిట్ల యంత్రంగా ఇన్‌స్టాల్ చేశాము. ఆ కాలపు 2.6.18 కెర్నల్‌కు 'విర్ట్‌ఐఓ' డిస్కు తెలియదు, పాత ఐడీఈ డిస్కు చూపిస్తేనే ఇన్‌స్టాలర్ ముందుకు సాగుతుంది. నెట్‌వర్క్ కార్డు ఇవ్వనే లేదు. ఇన్నేళ్లుగా ఏ భద్రతా సవరణా అందని సిస్టమ్‌ను నెట్‌వర్క్‌కు కలపవలసిన అవసరం ఈ ప్రయోగంలో ఎక్కడా రాదు. ఫైళ్లను ఒక చిన్న వర్చువల్ డిస్కు ద్వారా బయటికి తెచ్చుకుంటున్నాము.

సోమవారం రాత్రి

సోర్స్ ప్యాకేజీ విప్పి, 'ఎండీ ర్యాండ్' అనే ఫైలులో డెబియన్ చేసిన మార్పును అసలు ఫైలుతో పక్కపక్కన పెట్టి చదివాము. ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టదగినది ఇదే అనిపించింది, కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అప్పటి రూపంలో 1023 బైట్ల ఒక కొలను ఉంచుకుంటుంది. సిస్టమ్ నుంచి వచ్చిన యాదృచ్ఛిక బైట్లను ఆ కొలనులో కలపడానికి ఒక ఫంక్షను, కొలను నుంచి సంఖ్యలను తీసి ఇవ్వడానికి మరొక ఫంక్షను ఉన్నాయి. రెండూ ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్ (ఎంత డేటానైనా నిర్ణీత పొడవున్న సంఖ్యగా మార్చే లెక్క) మీదే ఆధారపడతాయి, రెండింటిలోనూ 'ఎండీ అప్‌డేట్' అనే పిలుపుతో పిలిచినవారు ఇచ్చిన బఫర్‌ను హ్యాష్‌లో చేర్చే వరుస ఒకటి ఉంటుంది. చూడటానికి ఆ రెండు వరుసలూ అక్షరం తేడా లేకుండా ఒకటే. కానీ చేసే పనిలో వాటికి పోలికే లేదు.

తీసి ఇచ్చే ఫంక్షనులోని వరుస, పిలిచినవారి ఖాళీ బఫర్‌లో అప్పటికే మిగిలిపోయి ఉన్న చెత్త విలువలను కూడా కలిపేస్తుంది. వస్తే కొంత మేలు, రాకపోయినా నష్టం లేదు. విలువ నింపని జ్ఞాపకాన్ని చదువుతున్నారని వాల్‌గ్రైండ్, ప్యూరిఫై వంటి సాధనాలు ఫిర్యాదు చేస్తాయని అసలు రచయితలకు ముందే తెలుసు. అందుకే ఆ వరుసను ఒక షరతు మధ్య ఉంచి, ప్యూరిఫై ఫిర్యాదు చేస్తుందని పక్కనే కామెంటు కూడా రాశారు. కలిపే ఫంక్షనులోని వరుస అలాంటిది కాదు. కెర్నల్ ఇచ్చిన యాదృచ్ఛిక బైట్లు కొలనులోకి చేరే ఏకైక ద్వారం అదే.

వాల్‌గ్రైండ్ హెచ్చరికలు తమ ప్రోగ్రాములను డీబగ్ చేసుకోనివ్వడం లేదని వాడుకరుల నుంచి ఫిర్యాదు రాగా, 2006 మే నెలలో ఆ రెండు వరుసలనూ కామెంటులో పెట్టారు. ఈ మార్పు చేసినవారిని నిర్లక్ష్యపరులనడం న్యాయం కాదని నా అభిప్రాయం. చేయబోయే ముందు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ డెవలపర్లను అడిగారు, అభ్యంతరం ఉన్నట్టు తోచే జవాబు రాలేదు. పేర్లు, వ్యాఖ్యలు సరిగా లేని ఆ ఫైలును ఈ రోజు చదివినా రెండు వరుసల మధ్య తేడా పట్టుకోవడానికి మాకు చాలాసేపు పట్టింది. తేడా ఏమిటో చెప్పే ఒక్క వాక్యం రెండో వరుస పక్కన ఉండి ఉంటే ఈ కథ జరిగేది కాదు.

ఇక్కడే మరొక విషయం మమ్మల్ని కట్టిపడేసింది. కలిపే ఫంక్షను చివర, ఇప్పటిదాకా ఎంత ఎంట్రోపీ (ఎవరూ ఊహించలేని యాదృచ్ఛికత) చేరిందో లెక్క పెంచే వరుస యథాతథంగా ఉంది. అంటే ఒక్క బస్తా కూడా లోపలికి రాకుండానే చిట్టాలో సరుకు జమ పడుతూ వచ్చిన గోదాములా, కొలనులోకి ఏమీ చేరకపోయినా లైబ్రరీ మాత్రం సరిపడా ఎంట్రోపీ ఉందని నమ్మింది. ఆ లెక్క చూసి నిర్ణయించే ఏ ప్రోగ్రామూ ఆగలేదు, ఏ హెచ్చరికా రాలేదు. దాదాపు రెండేళ్లపాటు ఎవరికీ అనుమానం రాకపోవడానికి ఇదే ప్రధాన కారణమని నేను అనుకుంటున్నాను.

ఇంతకూ కొలనులో మిగిలిందేమిటి? తీసి ఇచ్చే ఫంక్షను మొదటి చుట్టులో ప్రాసెస్ ఐడీని (నడుస్తున్న ప్రతి ప్రోగ్రాముకూ సిస్టమ్ ఇచ్చే సంఖ్యను) హ్యాష్‌లో చేర్చే వరుస ఒకటుంది, దాన్ని ఎవరూ ముట్టలేదు. ఆ కాలపు లైనక్స్‌లో ప్రాసెస్ ఐడీ గరిష్ఠంగా 32,767. కాబట్టి ఒక రకం యంత్రం మీద, ఒక రకం కీకి, ఉండగల కీలు మొత్తం 32,767. రెండు పెద్ద ప్రధాన సంఖ్యల మీద నిలిచే 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ రకం కీని ఛేదించడానికి రెండుకు 112వ ఘాతం స్థాయి శ్రమ కావాలని అంచనా వేస్తారు. ఇక్కడ కావలసినది రెండుకు 15వ ఘాతం మాత్రమే. మా సహోద్యోగి అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ దొరికింది. కీ పొడవు సరైనదే, దాని ప్రధాన సంఖ్యలూ సరైనవే. ఆ ప్రధాన సంఖ్యలను ఎన్నుకున్న సంచిలోనే వేరే చీట్లు లేవు.

బుధవారం

ప్రయోగం. 'ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్' ప్రోగ్రాము ఏ ప్రాసెస్ ఐడీతో నడుస్తోందో మన చేతిలో ఉండాలి కాబట్టి, 'గెట్‌పిడ్' పిలుపుకు మనం కోరిన సంఖ్యను జవాబుగా ఇచ్చే కొన్ని వరుసల సీ లైబ్రరీ రాసి, 'ఎల్‌డీ ప్రీలోడ్' ద్వారా ముందుగా ఎక్కించాము. ఒకే సంఖ్య ఇచ్చి, రెండు వేర్వేరు ఫైళ్లలోకి ఆర్‌ఎస్‌ఏ కీలు పుట్టించాము. తెర మీద ఒకదాని కింద ఒకటిగా వచ్చిన ఫింగర్‌ప్రింట్లు (కీని గుర్తుపట్టే పొట్టి గుర్తులు), ఆ కాలపు పద్ధతిలో కోలన్లతో విడదీసిన పదహారు జతల అంకెలు, మొదటి జత నుంచి చివరి జత దాకా ఒకటే. ఫైళ్లను పోల్చే కమాండ్ నడిపితే ప్రైవేట్ కీ ఫైళ్ల మధ్య ఒక్క బైటు తేడా కూడా కనిపించలేదు. ఈ విషయం ఎన్నిసార్లు చదివి ఉన్నా, రెండు విడివిడి కీలు కావలసిన చోట ఒకే కీ కళ్లెదుట కనిపించడం వేరే సంగతి. సహోద్యోగి యంత్రాన్ని ఆపి, మళ్లీ మొదలుపెట్టి, తేదీ మార్చి, కీబోర్డు మీద ఏవేవో నొక్కి, అదే సంఖ్యతో మళ్లీ పుట్టించాడు. అదే కీ వచ్చింది.

ఇలాంటి ప్రయోగానికి ఎదురు పరీక్ష తప్పనిసరి. అదే యంత్రంలో సరిచేసిన 0.9.8సీ-4ఎచ్3 ప్యాకేజీ ఎక్కించి, అదే ప్రీలోడ్‌తో అదే సంఖ్య ఇస్తే ప్రతిసారీ కొత్త కీ వచ్చింది. వర్చువల్ యంత్రం స్నాప్‌షాట్‌ను వెనక్కి తిప్పి కీలను పోల్చే పద్ధతిని మాత్రం నేను ఒప్పుకోలేదు. జ్ఞాపకంతో సహా వెనక్కి తిప్పితే కెర్నల్‌లోని కొలను కూడా పాత స్థితికి పోతుంది కాబట్టి, లోపం లేని లైబ్రరీలో కూడా పోలిక కనిపించే అవకాశం ఉంది. అది ఈ లోపానికి రుజువు కాదు.

64 బిట్ల 'ఎచ్' మీద అదే సంఖ్యతో పుట్టిన కీ వేరుగా ఉంది. ఇది మొదట వింతగా అనిపించినా, కోడు చూస్తే కారణం తెలుస్తుంది. హ్యాష్‌లో ప్రాసెస్ ఐడీతోపాటు లోపలి లెక్కింపు సంఖ్యలు కూడా చేరుతాయి, ఆ సంఖ్యల పరిమాణం 32 బిట్ల యంత్రంలో ఒకటి, 64 బిట్ల యంత్రంలో మరొకటి. బైట్ల క్రమం తిరగబడే యంత్రాలలో మూడో కుటుంబం తయారవుతుంది. 'ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్' కమాండుతో పుట్టిన కీలకు మరొక మెలిక ఉంది. హోమ్ డైరెక్టరీలో 'డాట్ ఆర్‌ఎన్‌డీ' అనే ఫైలు ఉందా లేదా అన్నదాన్ని బట్టి కీ మారుతుంది. ఆ ఫైలులో ఏముందో లెక్కలోకి రాదు, అది ఉందన్న సంగతి మాత్రమే లెక్కింపును ముందుకు జరుపుతుంది. జాబితా తయారు చేసేవారు ఈ కుటుంబాలన్నిటినీ విడివిడిగా పుట్టించవలసి ఉంటుంది.

గురువారం

32 బిట్ల కుటుంబంలో 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ కీలన్నిటినీ రాత్రంతా పుట్టించి ఉంచాము. అప్పటి 'ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్' ఏ ఐచ్ఛికమూ ఇవ్వకపోతే పుట్టించే కీ అదే కాబట్టి, ఎక్కువగా తారసపడేది ఈ రకమే. ఉదయానికి పని ముగిసింది. నేటి ఒక మామూలు కంప్యూటరు ఒక్క రాత్రిలో ఆ రకం కీలన్నిటినీ తయారు చేయగలిగింది.

మా జాబితా సరైనదో కాదో తేల్చుకోవడానికి ఒక కొలమానం ఉంది. ప్రకటన వెలువడిన రోజుల్లో డెబియన్ 'ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-బ్లాక్‌లిస్ట్' అనే ప్యాకేజీని, దానితో కీలను పోల్చి చూసే 'ఎస్‌ఎస్‌హెచ్-వల్న్‌కీ' సాధనాన్ని అందించింది. స్థలం కలిసివచ్చేందుకు ఆ జాబితాలో ఎండీ5 ఫింగర్‌ప్రింట్ల మొదటి పన్నెండు అంకెలు తీసేసి, మిగిలిన ఇరవై అంకెలే ఉంచారు. మా ఫింగర్‌ప్రింట్లను కూడా అలాగే కత్తిరించి పోల్చితే అన్నీ ఆ జాబితాలో దొరికాయి.

శుక్రవారం

ఎస్‌ఎస్‌హెచ్‌లో వాడే మరొక రకం కీ అయిన డీఎస్‌ఏ గురించి ఒక మాట రాయకపోతే ఈ డైరీ అసంపూర్ణం. ఆర్‌ఎస్‌ఏ కీ విషయంలో అది ఎక్కడ పుట్టిందన్నదే ప్రశ్న. డీఎస్‌ఏ విషయంలో ఎక్కడ వాడారన్నది కూడా ప్రశ్నే. డీఎస్‌ఏ సంతకం చేసిన ప్రతిసారీ ఎవరికీ తెలియకూడని ఒక కొత్త యాదృచ్ఛిక సంఖ్య కావాలి. ఆ సంఖ్యను ఊహించగలిగితే, ఒక్క సంతకం చేతిలో ఉన్నా చాలు, ఒక చిన్న సమీకరణంతో ప్రైవేట్ కీ బయటపడుతుంది. అందువల్ల సార్జ్ మీద గానీ మరే మంచి యంత్రం మీద గానీ పుట్టిన నిఖార్సైన డీఎస్‌ఏ కీని కూడా, లోపమున్న యంత్రం నుంచి ఒక్కసారి లాగిన్ అవడానికి వాడి ఉంటే, పోయినట్టే భావించాలని డెబియన్ అప్పట్లోనే చెప్పింది. ఇలాంటి కీని ఏ జాబితా కూడా పట్టివ్వలేదు. కనుక మా సర్వర్లలోని డీఎస్‌ఏ వరుసలను పరీక్షకు పెట్టకుండా నేరుగా తీసేయాలని నిర్ణయించాము. 2015లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.0 నుంచి ఆ కీలు అప్రమేయంగా చెల్లవు కాబట్టి తీసేయడం వల్ల ఎవరి పనీ ఆగదు.

శనివారం

అసలు వెతుకులాట ఈ రోజు జరిగింది. అన్ని సర్వర్ల నుంచి ఆథరైజ్డ్ కీస్ ఫైళ్లను, ఆ సర్వర్ల హోస్ట్ కీలను (సర్వర్ తానెవరో నిరూపించుకునే కీలను) ఒక చోటికి చేర్చాము. ఇప్పటి ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ ఫింగర్‌ప్రింట్‌ను ఎస్‌హెచ్‌ఏ-256లో చూపిస్తుంది, పాత జాబితాతో పోల్చాలంటే ఎండీ5లో చూపమని ప్రత్యేకంగా చెప్పాలి. వరుసల ముందు ఐచ్ఛికాలు ఉన్నవి, మధ్యలో విరిగిపోయినవి, కామెంటులో పెట్టినవి కొన్ని ఉన్నాయి. ఆ కామెంటు వరుసలను కూడా వదిలిపెట్టకుండా విడిగా తీసి చూశాము. ఎవరైనా ఏదో ఒక రోజు ముందున్న గుర్తు తీసేస్తే అవి మళ్లీ ప్రాణం పోసుకుంటాయి.

హోస్ట్ కీలన్నీ శుభ్రంగా ఉన్నాయి. సిస్టమ్‌ను కొత్తగా ఎక్కించిన ప్రతిసారీ అవి కొత్తగా పుట్టాయి. మనుషుల కీలు అలా కాదు. బ్యాకప్ ఖాతా ఫైలులో, అడుగున, ఒక ఆర్‌ఎస్‌ఏ కీ మా జాబితాతో కలిసింది. దాని చివర ఉన్న పేరు ఎప్పుడో వెళ్లిపోయిన ఒక ఉద్యోగిది. మేము పుట్టించిన కీలను ప్రాసెస్ ఐడీ ప్రకారమే భద్రపరిచాము కాబట్టి, దానికి జోడీ అయిన ప్రైవేట్ కీ ఫైలును డైరెక్టరీలో నుంచి తీయడానికి ఒక్క వెతుకులాట చాలింది. ఆ ఖాతాను ఒక ఏకాంత యంత్రంలోకి కాపీ చేసి, మా ఫైలుతో లాగిన్ అయి చూశాము. పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి వెళ్లాము. ఆ ఉద్యోగి యంత్రాన్ని మేము ఎన్నడూ చూడలేదు, ఆయన ప్రైవేట్ కీ మాకు ఎవరూ ఇవ్వలేదు. సహోద్యోగి ప్రశ్నకు మిగిలిన సగం జవాబు ఇదే.

ఆ వరుసను వెంటనే తీసేశాము. మేము భద్రపరిచిన లాగ్‌లలో ఆ ఫింగర్‌ప్రింట్‌తో ఒక్క ప్రవేశం కూడా నమోదు కాలేదు. అయితే ఆ కీ తెరిచి ఉంచిన కాలంతో పోలిస్తే మా లాగ్‌లు చాలా కొద్ది కాలానివి. లాగ్‌లో లేదు కాబట్టి జరగలేదని అనలేము. ఆ ఖాతాకు అందుబాటులో ఉన్న డేటాబేస్ పాస్‌వర్డులన్నిటినీ మార్చాము, ఆ యంత్రాన్ని మొదటి నుంచి కొత్తగా నిర్మించాలని నిర్ణయించాము. ఇది అతిజాగ్రత్త అని కొందరు అన్నారు, నేను ఒప్పుకోను.

లైబ్రరీని సరిచేయడం 2008లోనే పూర్తయింది, కానీ లోపమున్న లైబ్రరీ పుట్టించిన కీలు సవరణతో మారవు, ఎవరో ఒకరు వెతికి తీసేసేదాకా అవి చెల్లుతూనే ఉంటాయి. 2015లో గిట్‌హబ్ వాడుకరుల బహిరంగ కీలను పరిశీలించిన ఒక పరిశోధకుడికి ఇలాంటివి దొరికాయి, ఆ సంస్థ వాటిని రద్దు చేసింది. 2024లో, అంటే పదహారేళ్ల తరువాత, ఈమెయిల్ సంతకాలకు వాడే డీకేఐఎం కీలలో కూడా, వందలాది డొమైన్లలో, ఇవే బయటపడ్డాయి. మాకు దొరికిన ఒక్క కీ ఈ వరుసలోనిదే.

సోమవారం

తీసేసిన కీ మళ్లీ ఏ పాత బ్యాకప్ నుంచో తిరిగి రాకుండా చూడటం చివరి పని. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 6.2 నుంచి రద్దయిన కీల జాబితాను ఒక ఫైలుగా తయారు చేసి, సర్వర్ అమరికలోని 'రివోక్డ్ కీస్' అనే వరుసలో చూపే సదుపాయం ఉంది. మేము పుట్టించిన పబ్లిక్ కీలన్నిటినీ ఆ రూపంలోకి మార్చి, ముందుగా ఒక పరీక్షా సర్వర్‌లో పెట్టాము. జాబితాలోని కీతో వస్తే తిరస్కరించింది, మా మామూలు కీలతో యథావిధిగా అనుమతించింది.

ఈ అమరిక చేసేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ ఫైలు చదవడానికి వీలులేకుండా ఉంటే, సర్వర్ ఎవరి పబ్లిక్ కీనీ అంగీకరించదు, అందరూ బయటే ఉండిపోతారు. కాబట్టి ఫైలు అనుమతులు చూసుకుని, అప్పటికే తెరిచిన ఒక లాగిన్‌ను మూయకుండా ఉంచి, మరొక చోటి నుంచి లాగిన్ అయి చూసిన తరువాతే తదుపరి సర్వర్‌కు వెళ్తున్నాము. 64 బిట్ల కుటుంబం కీలు ఇప్పుడు పుడుతున్నాయి. అవి పూర్తి కాగానే అదే జాబితాలో చేరతాయి. బ్యాడ్‌కీస్‌ను ప్రతి నెలా అన్ని కీ ఫైళ్ల మీద నడిపే బాధ్యత సహోద్యోగి తీసుకున్నాడు, టీఎల్‌ఎస్ ధ్రువపత్రాలను, డీకేఐఎం కీలను కూడా అందులోనే చేరుస్తున్నాడు. మేము పుట్టించిన ప్రైవేట్ కీల డిస్కును మాత్రం పరీక్షలన్నీ ముగిశాక చెరిపేస్తాము, పబ్లిక్ కీల జాబితా ఒక్కటే మిగులుతుంది.